తాళంచెవి తాళానికే వదిలేశా! ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఎందుకంటే...

ఈరోజు నేను చేసిన ఒక తప్పు చెప్తాను. మీరు చేయకుండా ఉంటారని.

ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని పైథాన్ నేర్చుకుంటున్న రోజులవి. వాతావరణం చూపించే చిన్న కమాండ్ లైన్ టూల్ రాశాను. దానికి ఏపీఐ కీ కావాలి. ఆ కీని కోడ్‌లోనే రాసేసి, కోడ్ మొత్తాన్ని ఆన్‌లైన్‌లో అందరికీ కనపడేలా పెట్టేశా. మర్నాడు చూస్తే నా లిమిట్ అంతా ఎవరో వాడేశారు! ఇంటికి తాళం వేసి, చెవి ఆ తాళానికే వదిలేసినట్టు అన్నమాట.

గాబరాగా ఆ లైన్ తీసేశా. కానీ గిట్‌లో పాత కమిట్స్ అలాగే ఉంటాయి కదా, కీ కూడా అక్కడే ఉంది. అందుకే ఇలా జరిగితే ముందు కీని రద్దు చేయండి. కోడ్ సంగతి తర్వాత.

మరి కీ ఎక్కడ పెట్టాలి? ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో. ఇది కొత్తదేం కాదు, 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్ నుంచీ ఉంది. ఒక పేరు, దానికో విలువ, అంతే. షెల్ నుంచి మనం నడిపే ప్రతి ప్రోగ్రామ్‌కీ అది అందుతుంది.

టెర్మినల్‌లో ఎక్స్‌పోర్ట్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, పేరు, ఈక్వల్ గుర్తు, విలువ రాయండి. ఈక్వల్‌కి అటూ ఇటూ స్పేస్ ఉండకూడదు. ఎక్స్‌పోర్ట్ మర్చిపోతే విలువ షెల్ దగ్గరే ఆగిపోతుంది, మీ టూల్‌కి చేరదు. పైథాన్‌లో అయితే ఓఎస్ డాట్ ఎన్విరాన్‌తో చదువుకోవచ్చు.

టెర్మినల్ మూసేస్తే ఆ విలువ పోతుంది. ఎప్పుడూ ఉండాలంటే బ్యాష్ఆర్‌సీ ఫైల్‌లో రాసుకోండి. ఆ ఫైల్‌ని మాత్రం ఎక్కడా షేర్ చేయొద్దు.

ఇంకో మాట. చాలా టూల్స్‌లో కమాండ్‌తో పాటు ఇచ్చిన ఆప్షన్‌కే మొదటి మాట. తర్వాత ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, ఆ తర్వాత కాన్ఫిగ్ ఫైల్. మార్చిన సెట్టింగ్ పనిచేయకపోతే ఈ వరుసలో చూడండి, పైనున్నది ఏదో దాన్ని తోసేసి ఉంటుంది.

ఇదేమీ ఇనప్పెట్టె కాదు ఫ్రెండ్స్. ఆ షెల్ నుంచి నడిచే ప్రోగ్రామ్ ఏదైనా ఆ కీని చదవగలదు. కాబట్టి తెలియని స్క్రిప్ట్‌లు నడపకండి. కానీ కోడ్ పదిమందికీ పంచినా, కీ మాత్రం మీ దగ్గరే ఉంటుంది. నాకు ఆ రోజు తెలియాల్సింది ఇదే.

ఇప్పుడే మీ పాత కోడ్ ఒకసారి తెరిచి చూసుకోండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.