మన పాదాలు – మనం తీసుకోవలసిన జాగ్రత్తలు
(సంఘం వార్షిక సభలో యువతనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

సంస్కృతి సభలో ఈ మేడం కాళ్ళ గురించి మొదలుపెట్టిందేంటి అనుకోకండి. మన ఆటలో ముందు పలికేది గజ్జె. గజ్జె కట్టేది కాలికి. పత్తి చేలో, మిర్చి కల్లంలో, నాపరాళ్ళ క్వారీలో మన అమ్మానాన్నల్ని నిలబెట్టిందీ ఆ కాళ్ళే. మరి వాటిని ఎన్నడైనా తిప్పి చూసుకున్నామా?

ముందు మా తప్పు ఒకటి చెప్పి తర్వాత జాగ్రత్తలు చెబుతాం. ఆరేళ్ళ క్రితం ఫిబ్రవరిలో మా హాస్టల్ వార్షికోత్సవం. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి నృత్యంలో ముందు వరసలో ఉంది. రిహార్సల్ అయ్యాక మెట్లు దిగుతుంటే కాలు మడతపడింది. చీలమండ వాచింది. "ఏం కాలేదు మేడం" అంది. మేమూ బామ్ రాసి, గట్టిగా రుద్ది, "రెండు రోజుల్లో తగ్గిపోతుందిలే" అన్నాం. మర్నాడు ఆ కాలితోనే ఆడింది. అందరం చప్పట్లు కొట్టాం.

వాపు తగ్గకపోతే వాళ్ళమ్మకు ఫోన్ చేశాం. "మిర్చి కోతలు మేడం, కూలి పోతుంది, ఆదివారం వస్తా" అంది. వచ్చి నాటు వైద్యుడి దగ్గర కట్టు కట్టించింది. మూడు వారాలకు ఎక్స్‌రే తీస్తే బయటివైపు చీలమండ ఎముక విరిగి ఉంది. అప్పటికే కాస్త వంకరగా అతుక్కుంటోంది. ఆ పిల్లకు పోలీసు కావాలని కోరిక. ఇప్పటికీ కొంచెం దూరం పరుగెత్తితే కాలు వాస్తుంది. పరుగు పరీక్ష పూర్తి చేయలేకపోయింది. తల్లిని తప్పుపట్టలేం, ఒక రోజు కూలి ఆ ఇంటికి ఎంతో మాకు తెలుసు. మొదటి రోజే మేము తీసుకెళ్ళి ఉండాల్సింది.

అందుకే ముందు చీలమండ సంగతి. ఒక్కో పాదంలో 26 ఎముకలుంటాయి. వాటిని పట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు సాగినా తెగినా బెణుకు అంటాం. బెణుకో విరుగుడో చేత్తో తడిమి తేల్చలేం. కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ఒక తేలిక పద్ధతి చెప్పారు. చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముకల వెనక అంచు మీద నొక్కితే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలాక నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయాల్సిందే. పాదం మధ్యలో ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా అంతే.

బెణికిన వెంటనే ఆట ఆపండి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. ఐసు లేకపోతే కుండనీళ్ళలో తడిపిన గుడ్డ చాలు. క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు దిండు మీద ఎత్తి పెట్టండి. మొదటి రెండు రోజులు వేడి కాపడం, నూనె మర్దన, లాగడం వద్దు. మేము చేసిన తప్పు అదే. నొప్పి తగ్గాక ఒంటికాలి మీద నిలబడడం రోజూ సాధన చేయండి. అది చేయనివాళ్ళకు మళ్ళీ మళ్ళీ బెణికే అవకాశం ఎక్కువ.

ఇక ముల్లు. సర్కారు తుమ్మ ముల్లు, పత్తి మోడు, తుప్పు మేకు మనకు రోజూ ఎదురయ్యేవే. గుచ్చుకుంటే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడగండి. సున్నం, పొగాకు, పేడ పెట్టకండి. టెటనస్ క్రిములు మట్టిలో, పేడలో ఉంటాయి. బళ్ళో పదేళ్ళకు, పదహారేళ్ళకు టీడీ సూది వేస్తారు, దాన్ని తప్పించుకోకండి. లోతైన గాయమైతే ఆసుపత్రిలో చూపించి, సూది అవసరమేమో అడగండి. ముల్లు ముక్క లోపల ఉండిపోయి చీము పట్టినా, వాపు పైకి పాకినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్ళండి.

చెప్పుల్లేకుండా మలంతో తడిసిన నేల మీద తిరిగితే కొంకిపురుగు పిల్లలు అరికాలి చర్మంలోంచి లోపలికి వెళతాయి. పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. మన ఆడపిల్లల్లో రక్తం తక్కువ కావడానికి ఉన్న కారణాల్లో అదొకటి. మరుగుదొడ్డి వాడకం, కాలికి చెప్పు, బళ్ళో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర, ఈ మూడూ ఉంటే చాలావరకు ఆపవచ్చు.

మడమల పగుళ్ళు చిన్న సమస్యే అనుకుంటాం. పగిలిన మడమతో మిర్చి కల్లంలో నడిచిన అమ్మనడగండి ఆ మంట ఎలా ఉంటుందో. రాత్రి గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, మెత్తగా రుద్ది, తుడిచి, వ్యాజిలైనో కొబ్బరినూనో పట్టించి సాక్సులు వేస్తే రెండు మూడు వారాల్లో మెత్తబడతాయి. పగుళ్ళనైనా ఆనెకాయలనైనా బ్లేడుతో కోయకండి. ఇరుకు బూటు మారిస్తే ఆనె చాలావరకు తగ్గుతుంది.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పొడిచినట్టుంటే, అరికాలి కింది పట్టీ వాచిందని అర్థం. బండల మీద గంటల తరబడి నిలబడేవాళ్ళకు, పలచటి చెప్పులు వేసేవాళ్ళకు ఎక్కువ. పిక్కలు సాగదీసే వ్యాయామం, సీసాను అరికాలి కింద దొర్లించడం, మెత్తటి మడమ ఉన్న చెప్పులు, ఇవే దీనికి వైద్యం. తగ్గడానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి.

తడి బూట్లతో వేళ్ళ సందుల్లో తెల్లగా నాని దురద పెడుతుంది, అది బూజు జాతి క్రిమి. వేళ్ళ మధ్య ఆరబెట్టుకోవాలి. క్లోట్రిమజోల్ పూత దురద పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళు రాయాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే పూతల్లో కొన్నింట్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది దురద అణిచి జబ్బు పెంచుతుంది.

ఇప్పటిదాకా చెప్పినవి నొప్పి ఉన్నవి. నొప్పి లేని పాదం ఇంకా ప్రమాదం. షుగర్ ఉన్నవాళ్ళకు, కుష్ఠు సోకినవాళ్ళకు స్పర్శ పోతుంది. చెప్పులో రాయి ఉన్నా తెలియదు, పుండు పడినా తెలియదు. ఇంట్లో తాతకో నానమ్మకో షుగర్ ఉంటే రోజూ వాళ్ళ అరికాళ్ళు మీరే చూడండి. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కనిపిస్తే దాచకండి. కుష్ఠుకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందు ఉచితం, ఆరు నెలలో పన్నెండు నెలలో వాడితే నయమవుతుంది.

పుట్టుకతో పాదం వంకరగా ఉంటే గ్రహణం పట్టిందని తల్లిని తిట్టకండి. అది గ్రహణం వల్ల కాదు. పుట్టిన మొదటి వారాల్లోనే మొదలుపెట్టి వారం వారం పట్టీ మారుస్తూ సరిచేసే పొన్సెటి పద్ధతి ఉంది. తర్వాత నాలుగైదేళ్ళ వరకు రాత్రిళ్ళు ప్రత్యేక బూట్లు వేయాలి. ఆశా కార్యకర్తకు చెబితే ఎక్కడికి పోవాలో దారి చూపిస్తుంది.

మాలావత్ పూర్ణ పేరు మీరంతా వినే ఉంటారు. నిజామాబాద్ జిల్లా పాకాల, లంబాడీ కూలీ తల్లిదండ్రులు, గురుకులంలో చదువు. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. అక్కడ తడిసిన సాక్సు మార్చకపోయినా వేళ్ళు పోతాయి. ఓర్చుకోవడం ఒక్కటే ధైర్యమైతే ఆ కొండ ఎక్కలేరు. ఎక్కడ నొప్పిగా ఉందో ముందుగా చెప్పడం కూడా ధైర్యమే.

మన పిల్లలు ఎందుకు చెప్పరో మాకు తెలుసు. ఇంటికి పంపేస్తారని భయం, అమ్మ కూలి పోతుందని బాధ, ఆటలోంచి తీసేస్తారని దిగులు. వార్డెన్లం మేము, సంఘం పెద్దలు మీరు, ఆ భయం లేకుండా చేయాలి. ఇప్పుడు మా హాస్టల్లో ప్రతి ఆదివారం పిల్లలు వరసగా కూర్చుని పాదాలు చూపిస్తారు. నవ్వుకుంటూనే చూపిస్తారు. ఏదైనా ఉంటే తల్లి వచ్చేదాకా ఆగం, మేమే తీసుకెళతాం.

ఈ రాత్రి మీరు ఇంటికి వెళ్ళాక మీ పాదాలు ఒకసారి తిప్పి చూసుకోండి. ఆ తర్వాత అమ్మ పాదాలు కూడా చూడండి. "ఏం లేదులే" అంటుంది. ఆ మాట నమ్మకండి, దీపం దగ్గరికి తెచ్చి చూడండి.