పల్లె పాట అడిగిన ప్రశ్న

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2002లో వచ్చిన ‘కుబుసం’ సినిమా కథ ఇవాళ ఎంతమందికి గుర్తున్నదో తెలియదు. అందులోని ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట మాత్రం మనందరికీ గుర్తున్నది. రాసింది పాలమూరు బిడ్డ గోరటి వెంకన్న, పాడింది వందేమాతరం శ్రీనివాస్. ధూంధాం వేదికల మీద, హాస్టల్ గదుల్లో ఎన్నోసార్లు పాడుకున్నాం. ఆ పాట ఏమడుగుతున్నదో ఇవాళ నిమ్మళంగా మాట్లాడుకుందాం.

పోయిన పల్లె మీద బెంగ తప్ప ఇందులో ఏమున్నదని కొందరంటారు. వాళ్ల మాటను కొట్టిపారేయలేం. పాత పల్లెలో గడి ఉండె, వెట్టి ఉండె, ఊరి బయట వాడ ఉండె. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లెను అజ్ఞానానికి, సంకుచితత్వానికి నెలవన్నారు. అటువంటి పల్లె కోసం ఎందుకు ఏడ్వాలె?

పాటను మళ్లీ వినండి. అందులో గడి కూలిందన్న దుఃఖం లేదు. కుమ్మరి, కమ్మరి, సాలె, వడ్ల, మేర, చేతిపని పోయిన వాళ్లంతా ఉన్నారు. చేపలకు గాలమేసిన సాయిబుల పిల్లలు లారీ క్లీనర్లయి, బేకరీల్లో పనికి కుదిరిన బాధ ఉన్నది. ఊరు ఎవరిదో కవి అట్లా చెప్పాడు.

‘పెడుతుంది’ అనలేదు, ‘పెడుతుందో’ అన్నాడు. పాడేటప్పుడు రాగం కోసం సాగినట్టుంటుంది గానీ, ఆ కాలపు గుబులంతా అందులోనే ఉన్నది. దొర కంటికి కనిపించేవాడు, ఎదురు తిరగడానికి ఒక గడి ఉండేది. 1991 తర్వాత వచ్చిన ఆర్థిక విధానాలకు ఏ గడి ముందు నిలబడి ఎదురు తిరగాలె? ప్లాస్టిక్ బిందె కుమ్మరి కడుపు కొట్టింది, రెడీమేడ్ అంగి మేర కడుపు కొట్టింది. సిరిసిల్లలో నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. దీనికి కారకులు ఎవరు?

వలస పాలన అని మన ఉద్యమం జవాబు చెప్పింది. నీళ్లు, నిధులు, నియామకాల లెక్క అడిగింది. ఆ లెక్క అడగవలసిందే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీయడం మొదలైంది. చెరువు నిండితే రైతుకు మేలే. కుమ్మరి సారెకు, కమ్మరి కొలిమికి దాంతో గిరాకీ వచ్చిందా? పల్లెకు పెప్సీ తెచ్చిన బజారుకు రాష్ట్రాల సరిహద్దు అడ్డమా?

మనలో చాలామందిమి ఆ చేతివృత్తుల ఇండ్లలోంచి వచ్చినవాళ్లమే. మనం కొలువులు అడిగినం, న్యాయమే. కొలువు రాని తమ్ముడికి, బొంబాయికో దుబాయికో పోయిన అన్నకు ఊర్లో ఏం పని ఉంటుందో కూడా అడగాలె. పాలించేది మనోళ్లయినా సరే, ఆ పాటను వాళ్ల ముందు పాడాలె. జవాబు వచ్చేదాకా పాడాలె.

జై తెలంగాణ!