చమురు సొమ్ము, సెనగ చేను

విద్యుద్దీపములు రాకమునుపు దువ్వూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతపు పల్లెలలో రాత్రివేళ వెలుగు కిరసనాయిలు బుడ్డిదే. అట్టి చమురును దేశదేశములకు అమ్మి అపారధనము గడించినది అమెరికాలోని రాక్‌ఫెల్లర్ వంశము. ఆ ధనము వచ్చిన దారిని, పోయిన దారిని మేము వేరువేరుగా పరిశీలింపదలచితిమి.

జాన్ డి. రాక్‌ఫెల్లర్ 1870లో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని స్థాపించెను. రైలు కంపెనీలతో సరకు కిరాయిలలో రహస్యముగా తగ్గింపులు కుదుర్చుకొని, పోటీదారులను లొంగదీసి, ఆ దేశపు చమురుశుద్ధిలో అధికభాగమును చేజిక్కించుకొనెను. 1911లో అక్కడి సుప్రీంకోర్టు అది అక్రమమైన గుత్తాధిపత్యమని తీర్పుచెప్పి, సంస్థను ముక్కలు చేయించెను. 1914లో లడ్లో వద్ద సమ్మెకట్టిన గనికార్మికుల గుడారములపై కాల్పులు జరిగి స్త్రీలు, బిడ్డలు మరణించిరి. ఆ గనుల కంపెనీలో పెద్దవాటా ఈ వంశముదే.

ఇక రెండవ పద్దు. 1913లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఏర్పడెను. కొంకిపురుగు వ్యాధిపై అది జరిపిన పోరాటము 1920 తరువాత మన మద్రాసు రాజధానికిని వచ్చెను. ఐక్యరాజ్యసమితి భవనములకు కావలసిన స్థలమునకై 1946లో కుమారుడు 85 లక్షల డాలర్లు ఇచ్చెను. మనుమడు నెల్సన్ న్యూయార్కు గవర్నరుగాను, 1974 నుండి 1977 వరకు దేశ ఉపాధ్యక్షుడుగాను పనిచేసెను.

దానమన మన సీమకు క్రొత్త గాదు. 1866 నాటి కరవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నము పెట్టెను. ఆకలిగొన్నవానికి ఆ పూట అన్నమే పరమధర్మము. అయితే మరుసటి కరవు మాటేమి? ఆకలి మూలమును వెదకుట రెండవ విధమైన దానము. ఆ ఫౌండేషన్ సహకారముతో సాగిన పరిశోధనలో సి.యస్.హెచ్.-1 అను సంకరజొన్న 1964లో విడుదలయ్యెను. అది చేయూతనిచ్చిన అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన కూటమి ద్వారా 1972లో పటాన్‌చెరువున ఇక్రిశాట్ వెలసెను. జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయముతో కలిసి ఇక్రిశాట్ రూపొందించిన జె.జి.-11 సెనగ 1999లో విడుదలయి, రాయలసీమ నల్లరేగళ్లలో విస్తరించెను.

ఒక పద్దులోని పుణ్యము రెండవ పద్దులోని అన్యాయమును కొట్టివేయదు. దానము చేయుచున్నాడని న్యాయస్థానము ఆ వర్తకుని విడువలేదు. అట్లని మంచి విత్తనమును మన రైతు కాదనవలసిన పనియు లేదు. దాతకు నమస్కరింపవచ్చును, ఆర్జన లెక్క అడుగు హక్కును మాత్రము ప్రజలు వదలుకొనరాదు.