ఇంటికొచ్చాక వేషం తీసేయండి
(ఆటిజం ఉన్న పెద్దలకు, వారి కుటుంబాలకు చేసిన ప్రసంగం)



ఆటిజం అనగానే మనకు చిన్నపిల్లలే గుర్తొస్తారు. మాట రాని బాబు, బొమ్మకారు చక్రాన్ని అదే పనిగా తిప్పే పాప. ఆ పిల్లలు పెద్దవాళ్ళవుతారన్న సంగతి మనకు తట్టదు. అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 1943లో 11 మంది పిల్లల గురించి రాసి, ఆటిజాన్ని మొదటిసారి వివరంగా లోకానికి తెలియజేశారు. అందులో మొదటి పిల్లవాడు డొనాల్డ్ ట్రిప్లెట్ పెద్దయ్యాక బ్యాంకులో ఉద్యోగం చేశారు, కారు నడిపారు, దేశాలు తిరిగారు, 2023లో 89 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. చివరిదాకా ఆయనకు ఆటిజం ఉంది. ఇది వయసుతోపాటు పోయేది కాదు.

అందుకే ఈ మాటలు పెద్దల కోసం. ఉద్యోగం చేస్తూనో, సంసారం నడుపుతూనో, ముప్పై నలభై ఏళ్ళకు ‘నాకున్నది ఆటిజం’ అని తెలుసుకున్న మీ కోసం. మీ పక్కన కూర్చున్న ఇంటివాళ్ళు కూడా వినాలి.

చిన్నప్పటి నుంచి మీకు ఎన్ని మాటలు చెప్పి ఉంటారు! ‘కళ్ళలోకి చూసి మాట్లాడు.’ ‘ఆ చేతులు ఊపడమేంటి?’ ‘చుట్టాలొస్తే నవ్వుతూ పలకరించాలి.’ తిట్లు తప్పించుకోవడానికి మీరు నేర్చుకున్నారు. ఎదుటివారి కనుబొమల మధ్య చూస్తే కళ్ళలోకి చూసినట్టే ఉంటుందని కనిపెట్టారు. ఎక్కడ నవ్వాలో పక్కవాళ్ళను చూసి నవ్వారు. ఫోన్ చేసేముందు ఏం మాట్లాడాలో మనసులో పదిసార్లు వల్లె వేశారు. దీన్నే మాస్కింగ్ అంటారు. తెలుగులో ‘ముసుగు’ అంటే మోసం అనే అర్థం వస్తుంది కాబట్టి ఆ మాట నాకు ఇష్టం లేదు. ‘వేషం’ అంటే బాగుంటుంది. నాటకంలో వేషగాడు ఎవరినీ మోసం చేయడు కదా! కానీ తెల్లవార్లూ నాటకం ఆడినవాడు కూడా పొద్దున్నే రంగు కడుక్కుంటాడు. మీరు కడుక్కునేది ఎప్పుడు?

ఈ వేషం ఎంత బరువో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఒక మనిషి ఎంతగా మాస్కింగ్ చేస్తున్నాడో అంచనా వేయడానికి బ్రిటన్‌లో 25 ప్రశ్నల పట్టిక తయారుచేసి 2019లో ప్రచురించారు. అంతకు ముందు ఏడాదే అక్కడ వచ్చిన మరో అధ్యయనంలో, ఎక్కువగా దాచుకునేవారిలో ఆత్మహత్య ఆలోచనలు కూడా ఎక్కువగా కనబడ్డాయి. ఒకదానివల్లే రెండోది వస్తుందని దీన్నిబట్టి తేల్చలేం గానీ, తేలిగ్గా తీసుకోవలసిన విషయం మాత్రం కాదు. అమెరికా పరిశోధకులు 2020లో ‘ఆటిస్టిక్ బర్నౌట్’ గురించి వివరించారు. నెలల తరబడి తీరని అలసట, నిన్నటిదాకా చేసుకున్న వంట, స్నానం, మాట కూడా కష్టం కావడం, చిన్న శబ్దాన్ని కూడా ఓర్చుకోలేకపోవడం దీని లక్షణాలు. ఇంట్లోవాళ్ళు దీన్ని బద్ధకం అంటారు. బద్ధకస్తుడు పగలంతా ఇంత కష్టపడడు.

మరి ఏం చేయాలి? ‘ఇంటికి వెళ్ళి తలుపు వేసుకోండి, మీరు మీలా ఉండండి’ అని ఇంగ్లీషు పుస్తకాల్లో రాస్తారు. మంచి సలహాయే. కానీ మనలో చాలామంది ఇళ్ళల్లో వేసుకోవడానికి ఆ తలుపేదీ? రెండు గదుల్లో ఆరుగురు ఉంటాం. హాల్లో టీవీ సీరియల్, వంటింట్లో మిక్సీ, చెప్పకుండా వచ్చే పక్కింటి పిన్నిగారు. కోడలి పరిస్థితి మరీ కష్టం. ఆఫీసులో ఒక వేషం విప్పి ఇంట్లో ఇంకో వేషం కట్టుకోవాలి. అత్తగారి ముందు ముభావంగా ఉంటే పొగరు అంటారు. మన దగ్గర ఇల్లు కూడా ఒక వేదికే. కాబట్టి ఇల్లంతా మారాలని ఎదురుచూడకుండా చిన్నగా మొదలుపెట్టాలి. ముందు ఒక మూల, ఒక అరగంట, విషయం తెలిసిన ఒక్క మనిషి ఉంటే చాలు.

మూల అంటే ప్రత్యేకంగా గదే కానక్కరలేదు. డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన కావచ్చు, గోడవైపు తిప్పిన కుర్చీ కావచ్చు, తెల్లవారుజామున అందరూ లేవకముందు వంటిల్లు కావచ్చు. అరగంట అంటే బయటి నుంచి రాగానే వచ్చే మొదటి అరగంట. అప్పుడు ప్రశ్నలు ఉండకూడదు. బిగుతైన బట్టలు, చెవికమ్మలు, వాచీ తీసేసి మెత్తబడిన పాత నూలు బట్టలు కట్టుకోండి. ఊగాలనిపిస్తే ఊగండి. వేళ్ళు ఆడించాలనిపిస్తే ఆడించండి. ఒకే పాట ఇరవైసార్లు వినాలనిపిస్తే వినండి. వీటిని స్టిమ్మింగ్ అంటారు. గిలకొట్టిన మనసు ఈ కదలికలతోనే తేటపడుతుంది. ఏళ్ళ తరబడి అణచిపెట్టినవారికి మొదట్లో ఒంటరిగా ఉన్నా సిగ్గుగానే అనిపిస్తుంది. అది సహజం.

కొందరికి ఒంటి మీద బరువు, ఒత్తిడి హాయినిస్తాయి. టెంపుల్ గ్రాండిన్ అనే ఆటిజం ఉన్న అమెరికా ప్రొఫెసర్, యవ్వనంలో పశువులను కదలకుండా పట్టి ఉంచే చట్రాన్ని చూసి తన కోసం అలాంటి ఒత్తిడి యంత్రాన్నే తయారుచేసుకున్నారు. మనకు యంత్రం అక్కరలేదు. అమ్మమ్మ కుట్టిన బరువైన బొంత చాలు.

ఇక ఇంటి సంగతి. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. మామూలు కంటికి అది తెలియదు. మీలో కొందరికి మాత్రం తల పగిలిపోతుంది. రాత్రిపూట పసుపు వెలుగునిచ్చే చిన్న బల్బు పెట్టుకోండి. కుక్కర్ పెట్టేముందు, మిక్సీ వేసేముందు ‘వేస్తున్నా’ అని ఒక్క మాట చెప్పమని ఇంట్లోవాళ్ళను అడగండి. మెడికల్ షాపులో మెత్తని ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి. రోజంతా పెట్టుకుని ఉండకండి, చెవి ఇంకా సున్నితమయ్యే ప్రమాదం ఉంది. తాలింపు ఘాటు, అగరుబత్తీ పొగ పడకపోతే కాసేపు డాబా మీదికి వెళ్ళడం తప్పేమీ కాదు.

ఒంటి శుభ్రత గురించి మాట్లాడడానికి చాలామంది సిగ్గుపడతారు. నెత్తిన నీళ్ళు పడడమే భరించలేనివారు ఉన్నారు. అలాంటప్పుడు షవర్ మానేసి బకెట్లో గోరువెచ్చని నీళ్ళు, చెంబు పెట్టుకోండి. తలస్నానం వేరే రోజుకు పెట్టుకోండి. అదీ చేతకాని రోజు తడిగుడ్డతో తుడుచుకున్నా మేలే. పేస్టు మంట పుడితే ఘాటు లేని పిల్లల పేస్టు, మెత్తని బ్రష్ వాడండి. పళ్ళు పాడయ్యాక డెంటిస్టు కుర్చీ ఎక్కడం మీకు అంతకంటే పెద్ద శిక్ష.

ఆకలి, దాహం, మూత్రం వస్తున్న సంగతి కొందరికి ఆలస్యంగా తెలుస్తుంది. సాయంత్రం నాలుగింటికి కళ్ళు తిరిగాక గానీ అన్నం తినలేదని గుర్తురాదు. సెల్‌ఫోనులో అలారం పెట్టుకోండి, నీళ్ళ సీసా కళ్ళెదుట ఉంచండి. రోజూ ఒకే కూర, ఒకే పెరుగన్నం తినడంలో తప్పు లేదు. అయితే పదార్థాలు మరీ తక్కువైతే రక్తహీనత, బి12, డి విటమిన్ల లోపం, మలబద్ధకం రావచ్చు. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోండి.

ఇప్పుడు ఆ ఒక్క మనిషి గురించి. అమ్మ కావచ్చు, భర్త కావచ్చు, చెల్లెలు కావచ్చు. అలసిపోయినప్పుడు చెప్పడం మీకు కష్టం కనుక బాగున్న రోజునే చెప్పండి, లేదా కాగితం మీద రాసి ఇవ్వండి. ‘అమ్మా, నేను రాగానే మాట్లాడకపోతే నీ మీద కోపం అనుకోకు. ఎనిమిదింటికి నేనే వచ్చి నీ దగ్గర కూర్చుంటాను’ అని చెబితే చాలు. ‘కూర్చుంటాను’ అన్నారు కాబట్టి కూర్చోవాలి మరి!

కుటుంబసభ్యులకు నా విన్నపం ఒకటే. ఇంట్లో మీ అబ్బాయి మొహంలో నవ్వు లేకపోతే, ‘బయటివాళ్ళతో బాగానే ఉంటావు, మాతోనే ఇలా’ అనకండి. మీ ముందు నటించనక్కరలేదని అతను నమ్మాడు. ఆ మాటతో ఆ నమ్మకం పోతుంది. ఇంకొకటి, అతను ఊగుతున్నప్పుడు చుట్టాలకు చూపించి నవ్వకండి.

వేషం తీయడమంటే ఇంట్లోవాళ్ళ మీద అరవడం, చెయ్యి చేసుకోవడం మాత్రం కాదు. శబ్దాలు, పనులు మీదపడి తట్టుకోలేక ఏడుపో అరుపో తన్నుకొస్తే దాన్ని మెల్ట్‌డౌన్ అంటారు. అది కావాలని చేసేది కాదు. అయినా అది రాబోయేముందు చెవులు వేడెక్కడం, మాట తడబడడం వంటి గుర్తులు ఉంటాయి. అవి కనిపెట్టి ముందే పక్కకు తప్పుకోవడం మీరు నేర్చుకోవచ్చు. అలాగే అందరి ముందూ అన్నీ బయటపెట్టాలని లేదు. ఆటిజం సంగతి ఆఫీసులో చెప్పాలా, పెళ్ళిచూపుల్లో ఎలా చెప్పాలి అన్నవి నిదానంగా, తెలిసినవారితో మాట్లాడి తేల్చుకోవలసిన విషయాలు.

విశ్రాంతి తీసుకున్నా అలసట తగ్గకపోతే ఆసుపత్రికి రండి. థైరాయిడ్, రక్తహీనత, డిప్రెషన్ కూడా ఇలాగే కనబడతాయి, వాటికి మందులున్నాయి. ఆటిజం ఉన్నవారిలో మూర్ఛవ్యాధి ఎక్కువ కాబట్టి ఫిట్స్ మందులు వాడుతుంటే సొంతంగా ఆపకండి. అలసట మరచిపోవడానికి మద్యం అలవాటు చేసుకున్నవారు దాచకుండా డాక్టరుకు చెప్పండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఏ వేళైనా సరే 14416కు ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు. ఫోనులో మాట్లాడడమే కష్టమైతే మీ తరఫున ఇంట్లోవాళ్ళు చేయవచ్చు.

ఓపీకి వచ్చేటప్పుడు చెప్పదలచుకున్నది ఒక కాగితం మీద రాసుకుని రండి. డాక్టరుగారి కళ్ళలోకి చూడనక్కరలేదు. కాగితం ఇస్తే చాలు, చదువుతారు. జనం రద్దీ, మైకులో పేర్లు పిలవడం పడకపోతే ఆ సంగతి చీటీ రాయించుకునేటప్పుడే సిస్టరుకు చెప్పి, మీ వంతు వచ్చేదాకా బయట చెట్టు కింద కూర్చుంటానని అడగండి.