‘వుయ్’ అనే ఒక్క మాట: తగాలోగ్ భాషలో, తెలుగులో

 

నేటి ప్రసంగమునకు విషయము ఒక చిన్న ఆంగ్లపదము: ‘వుయ్’. ఒకటవ తరగతి పిల్లవానికి కూడా తెలిసిన మాట. అర్థము చెప్పమంటే మాత్రము పండితుడు కూడా ఆగి, ఎదుట ఉన్నవాడు అందులో చేరుతాడా, చేరడా అని అడుగవలసి వస్తుంది. ఆంగ్లేయుడు ఆ సంగతిని సందర్భమునకు వదిలివేస్తాడు. రాజు తనొక్కని గురించి ‘వుయ్’ అంటాడు. సంపాదకుడు పత్రిక తరఫున అంటాడు. ఆసుపత్రిలో నర్సు ‘ఈ పూట ఎలా ఉన్నాము?’ అన్న ధోరణిలో రోగిని పలకరిస్తే, ఆ ‘వుయ్’కి అర్థము అచ్చముగా ‘మీరు’.

ఫిలిప్పీన్స్ దేశపు తగాలోగ్ భాషలో ఈ వెసులుబాటు లేదు. 1937లో ఆ దేశము తన జాతీయభాషకు ఆధారముగా ఎన్నుకొన్నది ఈ భాషనే. వినేవారిని కలుపుకొంటే ‘తాయో’, విడిచిపెడితే ‘కామి’. తెలుగువారికి వ్యాఖ్యానము అక్కరలేదు: తాయో మనము, కామి మేము. అలాగే ‘నాతిన్’ మన, ‘నామిన్’ మా. తెలుగు ద్రావిడభాష, తగాలోగ్ ఆస్ట్రొనేషియన్ భాష; రెండింటికీ చుట్టరికము లేదు. అయినా గీత గీసుకొన్నది ఒకే చోట. అతిథి సెలవు తీసుకొంటూ ‘కామి’ అనవలసిన చోట ‘తాయో’ అంటే, ఇంటి యజమానిని కూడా బయలుదేరమన్నట్లవుతుంది.

అక్కడివారు భోజనము చేస్తూ ఉండగా ఎవరైనా వస్తే ‘కాయిన్ తాయో’ అని పిలుస్తారు. ‘రండి, భోంచేద్దాము’ అన్నట్లే. పిలుపు మర్యాదకే కావచ్చు; వచ్చినవారు కృతజ్ఞత చెప్పి ఊరుకోవడమూ కద్దు. తెలుగు క్రియలోని ఆ ‘దాము’ కూడా ఎదుటివారిని కలుపుకొనేదే. ఇక ‘మీరు’ వలె గౌరవము చూపే ‘కాయో’, ‘అండి’ వంటి ‘పో’ కూడా ఆ భాషలో ఉన్నాయి.

‘కితా’ అనే రూపము ముచ్చటైనది. పూర్వము దానికి ‘నీవూ నేనూ, ఇద్దరమే’ అని అర్థము. ఈనాడు ‘నేను నిన్ను’ అనే అర్థములో వాడుతారు. ‘మహల్ కితా’ అంటే ‘నిన్ను ప్రేమిస్తున్నాను’. దీనికి తెలుగులో జోడు లేదు.

1593లో స్పానిష్ మతగురువులు మనీలాలో స్పానిష్, తగాలోగ్ భాషలలో ఒక క్రైస్తవ బోధగ్రంథము అచ్చువేయించారు. వారి స్వభాషలోనూ మేము, మనము అనే భేదము లేదు. మరి ప్రభువు నేర్పిన ప్రార్థనలోని మొదటి సంబోధనను ఏ మాటతో చెప్పాలి? మాట్లాడుతున్నది దేవునితోనే కనుక, ఆ తండ్రికి ఆయన కూడా బిడ్డ అన్నట్లు ధ్వనించరాదు. అందుకే ‘ఆమా నామిన్’, అనగా ‘మా తండ్రీ’. తెలుగు క్రైస్తవులదీ ఆ ‘మా’యే.

1987 నాటి ఫిలిప్పీన్స్ రాజ్యాంగపీఠిక జాతీయభాషలో ‘కామి’తో మొదలవుతుంది. భారత రాజ్యాంగపీఠిక తెలుగు పాఠములోనూ ఉన్నది ‘మేము’. చదివేవాడు పౌరుడే అయినప్పుడు అతనిని బయట నిలబెట్టే మాట ఎందుకు? అది ప్రజలు లోకమునకు చేసిన ప్రకటన, పౌరుడు చెప్పేవారిలో ఒకడు అని సమర్థించవచ్చును. ఆ సమర్థన బలమైనదే. అయినా ‘మనము’ అని ఉంటే ఎలా ఉండేదో ఊహించడము పై తరగతుల విద్యార్థులకు మంచి అభ్యాసము.

తెలుగు ‘మా’ది మరొక వింత. ఒక్కగానొక్క కొడుకు కూడా ‘మా అమ్మ’ అంటాడు. ‘మా ఆయన’ను మాటకు మాటగా ఆంగ్లములో పెడితే నవ్వులపాలు. తగాలోగ్ ఇల్లాలు ‘ఆసావా కో’, అంటే ‘నా భర్త’ అనే అంటుంది.

ప్రాచీన కన్నడములో ఈ భేదము ఉండేది. నేటి కన్నడములో ‘నావు’ ఒక్కటే మిగిలినది. తమిళములో నామ్, నాంగళ్ వేరువేరు. మరాఠీలో ఆపణ్, ఆమ్హీ వేరువేరు. కనుక తమిళనాట, మహారాష్ట్రలో పెరిగే తెలుగుబిడ్డకు వీధిభాష కూడా ఈ భేదమును గుర్తుచేస్తుంది. కర్ణాటకలోని బిడ్డకు వీధిలో ‘నావు’, ఆంగ్లపాఠములో ‘వుయ్’. ఇక దిక్కు ఇల్లు, తెలుగుబడి. ఇంటిలో తెలుగు పలుచబడితే ఒకనాడు మనుమడు తాతగారితో ‘మేము గుడికి వెళ్దాము’ అంటాడు. తాను రావలెనో మానవలెనో తెలియక ఆ పెద్దాయన చెప్పులు తొడుగుకోబోయి ఆగిపోతాడు.

అనువాదమునకు ‘అవర్ స్కూల్’ అన్న మాట ఇచ్చే ఉపాధ్యాయులు, అది ఎవరితో అంటున్నదో కూడా చెప్పడము మంచిది. తనిఖీకి వచ్చిన అధికారితో అయితే ‘మా పాఠశాల’. ఏబది యేండ్ల తరువాత గేటు దాటి వచ్చిన పూర్వవిద్యార్థితో అయితే ‘మన పాఠశాల’. సాయంత్రము ఆటకు వచ్చే పొరుగువీధి కన్నడ బాలునితో ఏమనాలో, అది పిల్లలే నిర్ణయించుకోవాలి.