చేజారిన వస్తువుకు బాధ్యులెవరు?

ఈ జుమా నాడు మనం ఒక చిన్న విషయాన్ని పరిశీలిద్దాం. చిన్నదని అంటున్నామే గాని, దీనిని గురించి మా వద్దకు వచ్చి అడిగేవారు తక్కువేమీ కాదు. దుకాణంలో వస్తువును చూస్తుండగా అది చేజారి పగిలింది. కొనలేదు, కావాలని పగులగొట్టనూ లేదు. ఆ నష్టాన్ని ఎవరు భరించాలి?

పొరపాటుకు అల్లాహ్ పట్టడు కదా అని చాలామంది అంటారు. ఆ మాట నిజమే గాని సగం నిజం. పొరపాటున చేసినదానికి దోషం లేదని దివ్యఖుర్ఆన్ సూరె అహ్‌జాబ్‌లో తెలిపింది. అయితే సూరె నిసాలో, పొరపాటున ఒక విశ్వాసిని చంపినవాడు మృతుని కుటుంబానికి, వారు క్షమిస్తే తప్ప, రక్తపరిహారం చెల్లించాలని అదే గ్రంథం ఆదేశించింది. పాపం దాసునికీ ప్రభువుకూ మధ్యనున్న వ్యవహారం. నష్టం ఇద్దరు దాసుల మధ్యనున్న లెక్క. మొదటిది మాఫీ అయినంత మాత్రాన రెండవది చెల్లిపోదు. దీనినే హుఖూఖుల్ ఇబాద్ అంటారు.

హజ్రత్ ఆయిషా (రజి) ఇంట జరిగిన సంగతి మీలో అనేకులు వినే ఉంటారు. మరొక ప్రవక్త సతీమణి పంపిన ఆహారపాత్ర ఆమె చేతి దెబ్బకు పగిలింది. దైవప్రవక్త (స) ఆ ముక్కలను, ఒలికిన ఆహారాన్ని స్వయంగా ఏరి, పాత్ర తెచ్చిన సేవకుణ్ణి నిలిపి, పగలని పాత్రను ఇప్పించి పంపారు. విరిగినది విరిచిన ఇంటనే ఉండిపోయింది. అక్కడ చేయి జారలేదు, రోషం వచ్చింది. అయినా పరిహారం చెల్లించే పద్ధతి మనకు అక్కడ దొరుకుతుంది: వస్తువుకు వస్తువు, అదీ ఆలస్యం లేకుండా, ఎవరినీ నలుగురిలో కించపరచకుండా.

ఇక దుకాణం సంగతి. తుర్కీ ఉస్మానీ సామ్రాజ్యంలో 1869 నుండి 1876 వరకు హనఫీ ధర్మశాస్త్రం ఆధారంగా కూర్చిన ‘మజల్లా’ అనే న్యాయసంహిత కలదు. దాని 771వ నిబంధనలో ఇచ్చిన ఉదాహరణ అచ్చంగా పింగాణీ దుకాణమే. యజమాని అనుమతి లేకుండా గిన్నె తీసినవాని చేతిలో అది పగిలితే వాడు చెల్లించాలి. అనుమతితో తీసి చూస్తుండగా జారిపడితే, ఆ గిన్నెకు చెల్లించనక్కరలేదు. అది వాని చేతిలో అమానత్. కాని ఆ గిన్నె పోయి మరికొన్ని గిన్నెలపై పడి వాటిని పగులగొడితే, ఆ మిగిలినవాటికి మాత్రం చెల్లించాలి. వాటి విషయంలో వానికి ఏ అనుమతీ లేదు కదా! వెల అడిగి, ఇంతకు తీసుకొమ్మని యజమాని చెప్పగా కొనే ఉద్దేశంతో చేతికి తీసుకున్న పిమ్మట పడిపోతే, దాని జమాన్, అనగా నష్టపరిహార బాధ్యత, వానిదే.

నేటి దుకాణాలలో అనుమతిని ఎవరూ నోటితో అడగరు. చేతికందే అరలో సరుకు పెట్టడమే అనుమతి అని వాడుక చెబుతుంది. అద్దాల బీరువాలో ఉంచినదానికి, ముట్టుకోరాదని రాసినదానికి ఆ అనుమతి లేదు. అనుమతి ఉన్నా అజాగ్రత్త దానిని చెరిపివేస్తుంది. ఒక చేత ఫోను, మరొక చేత గాజుపాత్ర పట్టుకొని మాట్లాడుతూ తిరిగేవాడు అమానత్ మాట ఎత్తరాదు. పగిలితే చెల్లించాలని బోర్డు ఉంటే? అమానత్‌పై అట్టి షరతు చెల్లదని హనఫీ ధర్మవేత్తల మాట. అయినా బోర్డు చూసి లోపలికి వెళ్లినవాడు వాదనకు దిగక చెల్లించడమే మేలని మా అభిప్రాయం.

చార్మినార్ దగ్గరి లాడ్ బజారులోనో, మన ఊరి సంతలోనో గాజులమ్మే అతను తొడుగుతుండగా గాజు చిట్లితే నష్టం అతనిదే. అక్కడ చేయి అతనిది, నేర్పూ అతనిదే. వద్దంటున్నా బిగుతు గాజును మనమే ఎక్కించుకుంటే లెక్క మారుతుంది.

పిల్లవాడు పగులగొడితే? మజల్లా ప్రకారం పరిహారం ఆ పిల్లవాని ఆస్తి నుండే. లేకుంటే కలిగే దాకా ఆగాలి, తండ్రిపై బాధ్యత లేదు. ఈ నియమాన్ని అడ్డుపెట్టుకొని, పరుగులు తీసే పిల్లవాణ్ణి వదిలివేసిన తండ్రి చేతులు దులుపుకొని వెళ్లడం మర్యాద కాదు.

దుకాణదారులకూ ఒక మాట. పరిహారమంటే బజారులో ఆ వస్తువుకు గల విలువ. అంచు మాత్రమే విరిగితే తగ్గిన విలువ. కోపంతో రెట్టింపు వసూలు చేస్తే ఆ అదనం హరామ్. అంతకన్నా ఘోరమైనది మరొకటి ఉంది. కొనవచ్చినవాడు పగిలిన ముక్కను దొంతర కింద దాచి జారుకుంటాడు. సాయంత్రం లెక్కలో అది బయటపడితే, అమ్మే కుర్రవాని జీతంలో కోత పడుతుంది. జీతానికి పనిచేసేవాడు అమీన్. అతని నిర్లక్ష్యం రుజువు కానంతవరకు అతనిపై జమాన్ లేదు. కోత కోసిన యజమాని ఆ కుర్రవానికి బాకీ పడ్డాడు. ఇక దాచి వెళ్లినవాడు పొరపాటు చేసినవాడుగా వచ్చి మోసగాడుగా వెళ్లాడు. నమాజులు, రోజాలు మోసుకొని వచ్చి, పరుల సొమ్ము తిన్నందుకు ప్రళయదినాన వాటినన్నింటినీ పంచి ఇచ్చి దివాళా తీసేవాని గురించి దైవప్రవక్త (స) సహాబాలకు వివరించారు. ఒక గాజుగ్లాసు కోసం ఏ నమాజును ఇస్తాం?

అట్టి బాకీ ఉన్నవారు నేడే ఆ దుకాణానికి వెళ్లి చెప్పండి. యజమాని మాఫీ చేస్తే స్వీకరించండి, లేకుంటే చెల్లించండి. కోత పడినది పనివానికైతే డబ్బు అతని చేతికే చేరాలి. యజమాని మరణించి ఉంటే వారసులకు ఇవ్వాలి. ఎంత వెదికినా ఎవరూ దొరకకపోతే, ఆ యజమాని పేర సదఖా చేయండి. ఆ తరువాత ఎన్నడైనా అతడు ఎదురుపడి తన సొమ్ము అడిగితే, మళ్లీ చెల్లించవలసిందే.