డబ్బు చేతిలో పడిన రోజు
(సంఘం వార్షిక సమావేశంలో, విద్యార్థులకు పుస్తకాల పంపిణీ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివిందీ, చదువు చెబుతున్నదీ ఉర్దూ మీడియంలో. తెలుగు మాత్రం బజారులో, బస్సులో నేర్చుకున్నాను. తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి. కార్యదర్శిగారు పొదుపు గురించి రెండు మాటలు చెప్పమన్నారు. నెల జీతం ఉన్నవాళ్ళకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నెల జీతం కాదు గదా, నెలకు ఇంత అని జేబు ఖర్చు కూడా లేని మన పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. "జేబులో పైసా లేదు, పొదుపు ఎక్కడిది?" అని నవ్వేస్తారు. పిల్లలూ అదే నమ్ముతారు.

నేనూ నమ్మాను, 2023 దాకా. ఆ ఏడు రంజాన్ ఈద్‌కు ముందు మా తరగతి పిల్లలందరికీ తలా ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చి, "వచ్చే రంజాన్ దాకా మీ చేతికి వచ్చిన ప్రతి రూపాయి రాయండి, ఎవరిచ్చారో కూడా రాయండి" అన్నాను. ముప్పై ఇద్దరు మొదలుపెట్టారు. ఏడాది చివరకు ఏడుగురు మిగిలారు. (ఉపాధ్యాయుడికి ఇది తక్కువేమీ కాదు. హోంవర్కు సంగతి మీకు తెలుసు.) అందులో ఒక అమ్మాయి పుస్తకం నేను రెండు మూడు సార్లు చదివాను. రంజాన్ ఈద్‌కు ఈదీ 850 రూపాయలు. బక్రీద్‌కు 300. సౌదీ నుంచి సెలవు మీద వచ్చిన మామూ చేతిలో పెట్టి వెళ్ళింది 500. రెండు పెళ్ళిళ్ళలో మెహందీ పెట్టినందుకు 900. ఇరుగుపొరుగువాళ్ళ చీరలకు ఫాల్ కుట్టినందుకు 450. అంతా కలిపితే సరిగ్గా 3,000. ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చి, "సర్, ఇది తప్పు లెక్క, నాకు ఇంత డబ్బు ఎప్పుడూ రాలేదు" అన్నది. మళ్ళీ కూడి చూపించాను. అప్పటికి ఆమె దగ్గర మిగిలినవి 35 రూపాయలు.

నేను చెప్పదలచుకున్నది ఆ పుస్తకంలోనే ఉన్నది. ఫాల్ కుట్టిన డబ్బు తీసేస్తే మిగతా 2,550 రూపాయలూ ఏడాది మొత్తం మీద ఐదు రోజుల్లో వచ్చాయి. రెండు పండుగలు, మామూ వెళ్ళిన రోజు, రెండు పెళ్ళిళ్ళు. మిగిలిన మూడువందల అరవై రోజులు ఆ పిల్ల చేతిలో నిజంగానే ఏమీ లేదు. కాబట్టి "రోజుకో రూపాయి దాచు" అనే పాత మాట వీళ్ళకు పనికిరాదు. ఏ రోజు దాచాలి? వచ్చేది ఐదు రోజులే గనుక ఆ ఐదు రోజులే దాచాలి. ఈద్ రోజు సాయంత్రం చుట్టాలంతా వెళ్ళిపోయాక, బజారుకు బయలుదేరక ముందే సగం తీసి పక్కన పెట్టాలి. మర్నాటికి వాయిదా వేస్తే ఆ డబ్బు ఉండదు. మిగతా సగం ఎలా ఖర్చు పెట్టినా నేను అడగను. గాజులు కొనుక్కోండి, బిర్యానీ తినండి. పండుగ డబ్బంతా దాచిపెట్టమనే పెద్దవాళ్ళు తాము పిల్లలుగా ఉన్న రోజులు మరచిపోయినవాళ్ళు.

ఆ అమ్మాయి తరువాతి ఏడు అట్లాగే చేసింది. 2025లో పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రుసుము, నిజామాబాద్ బస్సు ఖర్చులు తానే పెట్టుకున్నది. ఇంట్లో అడిగి ఉంటే వద్దనేవాళ్ళేమో, నాకు తెలియదు. అడగవలసిన పని మాత్రం రాలేదు.

ఎక్కడ దాచాలి అన్నది రెండో ప్రశ్న. మా ఖాలాజాన్ చీర మడతల్లో దాచేది. 2016 నవంబరు 8 రాత్రి పాత ఐదువందల, వెయ్యి నోట్లు రద్దయినప్పుడు దాచిన చోట్లన్నీ వెతికి మార్పించుకున్నది. డిసెంబరు 30తో బ్యాంకుల గడువు ముగిసింది. మరుసటి వేసవిలో ఒక పెళ్ళికి పాత పట్టుచీర విప్పితే మూడు ఐదువందల నోట్లు రాలాయి. ఇంట్లో అందరం నవ్వాము. ఆమె నవ్వలేదు.

పదేళ్ళు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరు మీదనే పొదుపు ఖాతా తెరవవచ్చు, తామే సంతకం పెట్టి డబ్బు తీసుకోవచ్చు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు కూడా తెలియదు. 500 రూపాయలతో మొదలుపెట్టాలి. ఆ తరువాత పది రూపాయలు కూడా వేయవచ్చు. నిల్వ 500కు తగ్గకుండా చూసుకోవాలి, లేకపోతే ఆర్థిక సంవత్సరం చివర 50 రూపాయలు కోస్తారు. ఆ మొదటి 500 కూడా లేనివాళ్ళకు బ్యాంకుల్లో జన్‌ధన్ ఖాతా ఉన్నది, కనీస నిల్వ అక్కరలేదు, పదేళ్ళు నిండితే చాలు. అదే పోస్టాఫీసులో నెల నెలా కట్టే ఆర్.డి. కూడా ఉన్నది గాని, నేను పిల్లలకు చెప్పను. ఒక నెల తప్పితే నూటికి రూపాయి చొప్పున రుసుము, వరుసగా తప్పితే ఖాతాయే ఆగిపోతుంది. నెల నెలా రాబడి లేనివాడి మెడకు నెల నెలా వాయిదా తగిలించడం న్యాయం కాదు.

వడ్డీ మాట మన ఇళ్ళల్లో తప్పక వస్తుంది. పోస్టాఫీసు పొదుపు ఖాతాకు నూటికి 4 రూపాయలు, అంటే వెయ్యి మీద ఏడాదికి నలభై. ఆ నలభైని విడిగా లెక్కగట్టి, పుణ్యం ఆశించకుండా బీదలకు ఇచ్చేసేవాళ్ళు మనలో ఉన్నారు. మీ ఇంట్లో ఏం చేయాలో ఆలిములను అడిగి తేల్చుకోండి. కాని ఆ నలభైకి భయపడి వెయ్యిని బియ్యం డబ్బాలో పెట్టి ఎలుకల పాలు చేయకండి.

వేసవి పని గురించి కూడా ఒక మాట. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదని 2016లో చట్టం సవరించారు. బడి వేళలు కాని సమయంలో సొంత కుటుంబం పనికి చేయూతనివ్వడం వేరు. పద్నాలుగు దాటినవాళ్ళకు కూడా ప్రమాదకరమైన పనులు కూడవు. అవి పోను మిగిలిన పనిలో చేరితే కూలి ఏ వారానికి ఆ వారం తెచ్చుకోండి. నేను 1995 వేసవిలో ఒక బైండింగు దుకాణంలో పాత లెక్కల పుస్తకాలు కుట్టాను. "వారం వారం ఎందుకు బేటా, జూన్‌లో అంతా ఒకేసారి ఇస్తాను, బడి ఖర్చుకు వస్తుంది" అన్నాడు యజమాని. మంచిమాటే అనుకున్నాను. జూన్‌లో వెళితే సగం చేతిలో పెట్టి, మిగతాది చెడగొట్టిన కాగితాల కింద జమ కట్టుకున్నానన్నాడు. ఎన్ని కాగితాలు చెడగొట్టానో ఇప్పటికీ చెప్పలేదు. ఇంకొకరి దగ్గర ఉన్నంతకాలం అది మన డబ్బు కాదు.

ఇక తల్లిదండ్రులతో మాట్లాడాలి. కొంచెం చేదుగా ఉంటుంది.

ఆ సగం కూలి తెచ్చి గల్ల గురిగిలో వేశాను. ఈదీ డబ్బులూ అందులోనే. ఆ చలికాలం మా అక్కను చూడటానికి పెళ్ళివారు వస్తామని కబురు పెట్టారు. ఇంట్లో ఏమీ లేదు. నేను బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో పెంకులు ఊడ్చి ఉన్నాయి. అబ్బా దాన్ని పగలగొట్టి కోడి, మిఠాయి తెచ్చారు. 112 రూపాయలు. ఆయన్ని నేను తప్పు పట్టడం లేదు. ఇంటికి మర్యాద అవసరం. కాని నన్ను ఒక్క మాట అడగలేదు, తరువాత చెప్పనూ లేదు. ఇంక పైసా దాచనని ఆ రాత్రి ఒట్టు పెట్టుకున్నాను.

మా అమ్మీ బీడీలు చుట్టేది. కార్ఖానావాళ్ళు ఆకు, తంబాకు ఎంత ఇచ్చారో, ఎన్ని బీడీలు అప్పజెప్పిందో రాసే పుస్తకం ఒకటి ఆమె దగ్గర ఉండేది. నాలుగు రోజుల తరువాత ఆ పుస్తకం చివరి పేజీ తెరిచి నా ముందు పెట్టింది. ఉర్దూలో రాసి ఉంది: నా పేరు, దాని కింద బాకీ 112. కూలి వచ్చిన రోజున ఒకసారి ఐదు, ఒకసారి పది, ఒకసారి రెండే రెండు రూపాయలు ఇచ్చి, ఆ పేజీలో కొట్టేయించేది. నా చేతనే కొట్టేయించేది. తీరడానికి దాదాపు ఐదు నెలలు పట్టింది. నేను కొత్త గురిగి కొన్నాను. అక్క పెళ్ళి ఆ ఇంట కుదరలేదు, అది వేరే సంగతి.

బీద ఇంట్లో పిల్లల డబ్బు అవసరానికి వాడుకోవద్దని నేను అనలేను. జ్వరం వస్తుంది, కరెంటు బిల్లు వస్తుంది, తీసుకోక తప్పదు. అడిగి తీసుకోండి. కాగితం మీద రాయండి. రెండేసి రూపాయలుగానైనా తిరిగి ఇవ్వండి. "నీ డబ్బు నాది కాదా, నిన్ను ఎవరు పెంచారు?" అనే మాట నోట రానివ్వకండి. నా తరగతిలో నోటుబుక్కు మానేసిన పిల్లలను ఎందుకు మానేశారని అడిగితే ఎక్కువమంది చెప్పింది ఒకటే: "రాస్తే ఎంత ఉందో ఇంట్లో తెలిసిపోతుంది సర్." పొదుపు రాక మానేసినవాళ్ళు కాదు వాళ్ళు.

నేను పెద్ద ఆదర్శవంతుణ్ణని అనుకోకండి. పోయిన బక్రీద్ తరువాత మా చిన్నవాడి దగ్గర గ్యాసు బండ కోసం 300 తీసుకున్నాను. గోడ మీది క్యాలెండరులో వాడే రాసుకున్నాడు. ఇప్పటికి 260 ఇచ్చాను. వాడు ఆ మూడో వరుసలో కూర్చున్నాడు, నేను ఈ సంగతి చెబుతానా లేదా అని ఇందాకటి నుంచి చూస్తున్నాడు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. పోస్టాఫీసు ఖాతా కాగితాలు కొన్ని తెచ్చాను. సభ అయ్యాక కావలసిన పిల్లలు ఆధార్ నకలు, పుట్టిన తేదీ కాగితం తీసుకుని వస్తే నింపి పెడతాను. సెలవు.